కూత ఆగని తీరం

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని సామెత. ఇల్లు అమ్ముకున్న పెద్దమనిషీ ఇదే మాట అంటాడు, ఆ ఇల్లు కొనుక్కున్న పెద్దమనిషీ ఇదే మాట అంటాడు. ఒకరు నిట్టూర్చి అంటారు, ఒకరు మీసం మీద చెయ్యి వేసి అంటారు. ఈ సామెత అక్షరాలా జరిగిన చోటు ఒకటి వుంది. అది మా శ్రీకాకుళం జిల్లా సముద్ర తీరం. ఇక్కడ ఓడలు నిజంగానే బళ్ళయినాయి. ఆ బళ్ళు రైలుబళ్ళు.

అది ఎలా జరిగిందో, ఓడలు పోయిన తరువాత తీరంలో ఏం మిగిలిందో ఈ వారం చెప్పుకుందాం. మిగిలింది పెద్ద ఆస్తేమీ కాదు. ఒక ఆట, దాన్ని ఆడే కుర్రవాళ్ళూను. "ఆట గురించి ఇంత కథా?" అని కొందరు కనుబొమలు ఎగరెయ్యవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఈ ఆట వెనకాల అన్నం సంగతి వుంది.

మా వైపు రానివారి కోసం ముందు దారి చెబుతాను. చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే పెద్ద రోడ్డు మీద శ్రీకాకుళం దాటి ఉత్తరంగా వస్తే టెక్కలి. నేను పాఠాలు చెప్పుకుని బతికేది అక్కడే. ఇంకా పైకి వస్తే పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళు. జీడిపప్పు వేయించే వాసన ముక్కుకు తగిలిందంటే పలాస వచ్చిందని బస్సులో నిద్రపోతున్నవాడు కూడా లేస్తాడు. ఎడమచేతి వైపు మహేంద్రగిరి కొండలు, కుడిచేతి వైపు సముద్రం. ఈ రెండింటి నడుమ ఇసక నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం దాకా సాగిన ఈ తోటల నేలకే ఉద్దానం అని పేరు. ఉద్యానమన్న మాటే జనం నోట నానినాని ఉద్దానమైందంటారు. తెలుగు మేష్టరుగా నేను దాన్ని కాదనను. విద్య విద్దె అయినప్పుడు, ఉద్యానం ఉద్దానం కావడంలో వింతేముంది?

ఈ తీరానికి పూర్వం రెండు పేరున్న రేవులు వుండేవి. దక్షిణాన వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం. ఉత్తరాన మహేంద్రతనయ కలిసే చోట బారువ. కళింగపట్నానికి కాస్త ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. 1919లో వాటిని మొదట లోకానికి చూపించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. ఆయన పుట్టింది కూడా ఆ వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో. నది ఒడ్డున బౌద్ధులు ఆరామాలు కట్టుకున్నారంటే ఆ దారిన వర్తకులు నడిచి వుండాలి. వర్తకులు నడిచారంటే చివర రేవు వుండాలి. మలయా దేశంలో మనవాళ్ళను "కెలింగ్" అని పిలిచేవారు. ఆ మాట మన కళింగమే. ఒక దేశం పేరు అలల మీద అంత దూరం పోయిందంటే, దాన్ని మోసుకుపోయిన ఓడలు ఒకటీ రెండూ కావు గదా!

రేవు అనగానే విశాఖపట్నంలో లాగా ఓడ వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడుతుందని ఊహించుకోకండి. కళింగపట్నంలోనూ, బారువలోనూ ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుని జమీందారులా నిలబడి వుండేది. సరుకూ, మనుషులూ మసూలా పడవల మీద దాని దగ్గరకు పోవలసిందే. ఆ పడవకు ఇనప మేకులుండవు. కొబ్బరి తాళ్ళతో పలకలను కలిపి కుట్టిన పడవ అది. మేకు కొట్టిన పడవ అల తాకిడికి విరుగుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. ధాన్యం బస్తా ఒడ్డున బళ్ళో నుంచి భుజానికెక్కాలి, భుజం మీద నుంచి పడవలోకి, పడవలో నుంచి మూడు నాలుగు వరసల అలలు దాటి ఓడలోకి. ఈ పనికి కావలసినవి రెండే. భుజబలం, ఊపిరి. ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

రేవు పనితో పాటు మా వాళ్ళ నోట్లోకి కొన్ని మాటలూ వచ్చాయి. కళాసి, సరంగు, తండేలు. దేశదేశాల నావికుల నోళ్ళ మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడిపోయాయి. వీటన్నిటికంటె పెద్ద మాట "రంగం". యుద్ధరంగమూ కాదు, నాటకరంగమూ కాదు. రంగూను పట్టణం. ఆ రోజుల్లో పొట్ట చేత పట్టుకుని పోయేవాడికి బర్మాయే దిక్కు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి దొరికేది. 1917లో చిల్కా అనే స్టీమరు రంగూను నుంచి జనంతో వస్తూ నిప్పంటుకుని బారువ దగ్గర మునిగిపోయింది. దాని ఇనప ఒళ్ళు ఇప్పటికీ అక్కడ సముద్రం అడుగున వుంది. ప్రాణవాయువు డబ్బాలు వీపున కట్టుకుని దిగి చూసి వచ్చేవారున్నారు.

బారువ వెళ్ళినప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని రంగం కబుర్లు అడిగాను.

"మా తాత ఎల్లినాడు బావూ. ఎల్లినప్పుడు ఓడ మీద ఎల్లినాడు. ఒచ్చినప్పుడు కాళ్ళ మీద ఒచ్చినాడు" అన్నాడాయన, సూది ఆపకుండా.

1942లో జపాను సేనలు రంగూనును పట్టుకున్నప్పుడు అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చిన లక్షలాది మంది కథ ఆ రెండు ముక్కల్లో వుంది. నేను క్లాసులో గంట చెప్పినా అంత బాగా చెప్పలేను.

అప్పటికే రేవుల పని అయిపోవస్తున్నది. బెజవాడ నుంచి కటకం దాకా రైలుదారి 1893, 1896 మధ్య వేశారు. అది తీరం పొడుగునా, రేవులకు కాస్త లోపలగా, టెక్కలి పక్కన నౌపడా మీదుగా, పలాస మీదుగా సాగింది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూడా పడింది. అంతకు పూర్వం ఎడ్లబండి మీద సముద్రానికి దిగిన సరుకు ఇప్పుడు రైలు స్టేషనులో దిగడం మొదలుపెట్టింది. పడవ లేదు, అల లేదు, తుఫాను భయం లేదు. వర్తకుడికి ఇంతకంటె ఏం కావాలి? కళింగపట్నంలో దీపస్తంభం మిగిలింది. బారువ పేరుతో రైలు స్టేషను మిగిలింది. ఓడలు బళ్ళయినాయనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

రైలు కూత విని రేవు కన్ను మూసింది. కానీ ఈ తీరంలో ఇంకొక కూత వుంది. దానిని రైలు ఆపలేకపోయింది. అది చెడుగుడు కూత.

చెడుగుడు అంటే తెలియని తెలుగువాడుండడు. మహారాష్ట్రులు హుతుతు అన్నారు, వంగ దేశీయులు హాడుడు అన్నారు, అరవవారు సడుగుడు అన్నారు. ఇప్పుడందరూ కబాడీ అంటున్నారు. ఈ పేర్లన్నీ ఊపిరి బిగబట్టి పలకడానికి వీలైన మాటలే. 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయంలో అమరావతి నుంచి వెళ్ళిన బృందం, అంటే విదర్భలోని అమరావతి, దీన్ని అక్కడి జనానికి ఆడి చూపించింది. 1990లో బీజింగు ఆసియా క్రీడల్లో దీనికి పతకం పెట్టారు, మనవాళ్ళు బంగారం తెచ్చారు. తెలుగువారికి బంతాట రాదని కాదు. హైదరాబాదు రహీం సాహెబు తర్ఫీదులో మన దేశపు జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తాలో బంగారం గెలిచింది. కానీ బంతాటకు బంతి కావాలి. చెడుగుడుకి అదీ అక్కరలేదు. కాలి బొటనవేలితో ఇసకలో గీత గీస్తే అయిపోయింది. ఇసకలో పడితే మోకాలు చెక్కుకుపోదు. పైగా ఇసకలో పరుగెత్తి అలవాటైన కాలు గట్టినేల మీద లేడి కాలే.

కిందటి సంక్రాంతికి వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెలో ఆట చూశాను. మా కాలేజీ కుర్రవాళ్ళు ఇద్దరు ఆడుతున్నారు. ఒక జట్టులో చివరికి ఒకే ఒక్కడు మిగిలాడు. మిగతా ఆరుగురూ చచ్చి బయట కూర్చున్నారు. ఈ మాట విని కంగారు పడకండి. ఆటలో ఓడి బయటికి పోయినవాణ్ణి చచ్చాడనడమూ, మళ్ళీ లోపలికి వచ్చినవాణ్ణి బతికాడనడమూ మన వాడుక. ఆ ఒక్కడు కూతకు వెళ్ళాడు. బక్కపలచటివాడు. అవతల ఏడుగురు చేతులు పట్టుకుని గొలుసులా వంగి వున్నారు. వాడు ఎడమకు పోయినట్టే పోయి, కుడివైపు చివరివాణ్ణి కాలివేలితో తాకి, గొలుసు మూసుకునేలోపల గీత మీద బోర్లా పడ్డాడు. కూత మాత్రం ఆపలేదు. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారి లేచారు. ఒక ముసలమ్మ "నా నాయనే, నా నాయనే" అని గుండెలు బాదుకుంది. తరువాత తెలిసింది, ఆవిడకూ ఆ కుర్రవాడికీ ఏ చుట్టరికమూ లేదట.

వాడు ఒకణ్ణి చంపాడు గనక ఇవతల ఒకడు బతికాడు. నా పక్కన కూర్చున్న మా విద్యార్థి ఎంతో శ్రద్ధగా విడమరిచి చెప్పాడు: "చచ్చినోడు తనంతట తాను బతకలేడు మాస్టారూ. మనవాడెవడో కూతకెళ్ళి తీసుకురావాలి." నేను అలంకారశాస్త్రం చెప్పే మనిషిని. ఆ పూట వాడే నాకు పాఠం చెప్పాడు.

ఊపిరి సంగతి అది. ఇక భుజబలం. మా జిల్లాలో సంక్రాంతికీ, అమ్మవారి సంబరాలకూ సంగిడీలు ఎత్తే పోటీలుంటాయి. బరువైన రాతిని నేల మీద నుంచి లేపి తలపైకెత్తి నిలబెట్టడం. ఉలవల బస్తా ఎత్తే పందెం కూడా వుంది. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు మీరు వినే వుంటారు. సర్కసు పెట్టి దేశదేశాలు తిరిగి, కలియుగ భీముడనిపించుకున్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ తరువాత ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వచ్చింది. 2000 సంవత్సరం సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. ఈ కబురు చెప్పినప్పుడు మా ఇంటావిడ, "రెండు బిందెలతో నూతి దగ్గర నుంచి నడిచి వచ్చే ఆడవాళ్ళ ఊళ్ళో పుట్టింది, ఎత్తదూ మరి!" అంది. జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

బస్తా ఎత్తిన భుజమూ, అల కిందనుంచి ఊపిరి బిగబట్టి లేచిన రొమ్మూ రేవు పోయాక ఆటలోకి వచ్చి తలదాచుకున్నాయేమోనని నాకొక ఊహ. చెడుగుడు దేశమంతటా వుంది, సంగిడి లోపలి పల్లెల్లోనూ వుంది. అంచేత దీన్ని సిద్ధాంతమని ఎవరూ పరీక్షల్లో రాయవద్దు. కానీ సముద్రం ఒడ్డున ఆ ఆట చూసినవారెవరూ నా ఊహను చూసి నవ్వరు.

ఆట అయ్యాక పల్లెవాళ్ళు మాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు. ఆ పులుసు తిన్నవాడికి కళ్ళ వెంట నీళ్ళూ, నోటి వెంట మెప్పూ ఒకేసారి వస్తాయి. అంత కారం! చిత్రమేమంటే, ఆ మిరపకాయ మనది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్ళ ఓడల పుణ్యమా అని మన వంటింట్లోకి వచ్చింది. మనం మనదనుకుంటున్న జీడిమామిడి కూడా అలాగే బ్రెజిలు నుంచి వచ్చింది. ఉద్దానపు తోటల్లో సగం సొగసు రేవుల మీదుగా దిగిన సొగసే. సరే, మిరపకాయ పుట్టిల్లు తలుచుకున్నాం గనక, ఆ దేశపు రేవు ఒకదాన్ని కూడా చూసి వద్దాం. మన కథకు అది అద్దం లాంటిది.

మెక్సికోకు తూర్పు తీరాన వెరాక్రూజ్ అని ఒక రాష్ట్రం, అదే పేరుతో రేవు పట్నం వున్నాయి. 1519లో స్పెయిను సేనాని కొర్తెస్ దిగింది అక్కడే. వెండి పెట్టెలు ఓడలకెక్కిందీ అక్కడే. 1683లో సముద్రపు దొంగలు పడి ఆ ఊరిని దోచుకున్నారు. దొంగలు పోయారు, స్పెయినువాళ్ళు పోయారు, రేవు మాత్రం నేటికీ వుంది. పెద్ద పెద్ద ఓడలు వస్తూనే వున్నాయి.

ఆ ఊరివాళ్ళకు బంతాటంటే ప్రాణం. 1943లో ఊరి పేరుతో ఒక జట్టు కట్టారు. దాని ముద్దుపేరు ఎర్ర సొరచేపలు. 1946లోనూ, 1950లోనూ దేశంలో అగ్రస్థానం గెలిచింది. వారి వీరుడు లూయిస్ దె ల ఫుయెంతె అనే ఆటగాడు. జనం ఆయన్ని "పిరాతా" అనేవారు, అంటే సముద్రపు దొంగ. ఊరిని దొంగలు దోచిన కథ మరవని జనం, గుండెలు దోచినవాడికి అదే బిరుదు ఇచ్చారు కాబోలు! 1967లో తెరిచిన స్టేడియానికి ఆ పేరే పెట్టుకున్నారు.

ఇక విషాదం వినండి. 2019 నాటికి ఆ జట్టు నలభై పైచిలుకు ఆటల్లో వరసగా గెలుపు ఎరగకుండా పోయింది. అంతకంటె ఘోరం, ఆటగాళ్ళకు నెలల తరబడి జీతాలు లేవు. ఆ అక్టోబరులో ఒక రాత్రి సొంత మైదానంలో ఆట మొదలైంది. ఈల మోగింది. వెరాక్రూజ్ ఆటగాళ్ళు కదలలేదు. చేతులు దించుకుని నిలబడిపోయారు. కదలని మనుషుల మధ్య నుంచి అవతలి జట్టువాళ్ళు బంతిని తీసుకుపోయి గోలు వేశారు. చూడవచ్చిన జనం తమవాళ్ళను తిట్టలేదు, యజమానిని తిట్టారు. ఆ డిసెంబరులో ఆ దేశపు బంతాట సంఘం జట్టును వెలివేసింది. డెబ్బయి ఆరేళ్ళ జట్టు.

అక్కడ రేవు బతికింది, ఆట చచ్చింది. ఇక్కడ రేవు చచ్చింది, ఆట బతికింది. ఎందుకని? అక్కడ ఆటకు ఒక యజమాని వున్నాడు, జీతం ఆగేసరికి ఆట ఆగింది. మా పల్లెల్లో ఆటకు యజమాని లేడు. ఇంటికింత చందా, గెలిచినవాడికి ఒక కప్పు, అందరికీ పులుసన్నం. అంత తక్కువతో నడిచేదాన్ని చంపడం కష్టం.

అయితే ఇందులో మనం పొంగిపోవలసింది ఏమీ లేదు. ఆ సంక్రాంతి ఆటలో కూతకు వెళ్ళిన బక్కవాడు ఎవరో కనుక్కున్నాను. మూడు రోజుల సెలవు మీద వచ్చాడు. నాలుగోనాడు రైలెక్కాడు. మా పల్లెల్లో జట్లు నిండేది పండగకే. తక్కిన రోజుల్లో ఆ ఇసకలో పదేళ్ళ పిల్లలూ, అరవయ్యేళ్ళ ముసలివాళ్ళూ వుంటారు. నడి ఈడువాళ్ళు చెన్నైలోనో, ఇంకా దూరానో వుంటారు. రంగం పోయింది గానీ రంగం వెళ్ళడం పోలేదు.

మా జిల్లా జాలరులు అరేబియా సముద్రంలో చేపలు పట్టడానికి గుజరాతులోని వేరావల్ దాకా పోతారు. గుమ్మం ముందు సముద్రం పెట్టుకుని, దేశం అటు అంచున వున్న సముద్రానికి కూలికి పోవడం! పెద్ద పడవ నిలుపుకునే రేవు ఇక్కడ వుంటే అంత దూరం ఎవరు పోతారు? 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు సరిహద్దు దాటారని పాకిస్తాను వాళ్ళకు పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలేదాకా వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఆడవాళ్ళకే తెలియాలి. ఆ కథ 2025లో "తండేల్" అని సినిమాగా వచ్చింది. పాత రేవు మాట ఒకటి అలా మళ్ళీ అందరి నోళ్ళలో పడింది.

ఇంటి దగ్గర వున్నవాడికి మాత్రం సుఖమా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. తెల్లవారి చూస్తే తోటలన్నీ నేల మీద పడుకుని వున్నాయి. వరి పోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క పెట్టి కాయ కొయ్యాలంటే ఏడెనిమిదేళ్ళు కావాలి. ఆ ఏడెనిమిదేళ్ళూ ఏం తినాలి? కుర్రవాడు రైలెక్కాలి. దానికి తోడు ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు. ఎన్నో ఏళ్ళుగా పెద్ద పెద్ద వైద్యులు పరిశోధిస్తున్నా, ఇదీ కారణమని ఇంకా ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ళు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. మంచిదే. నా క్లాసులో ఎవరైనా వారానికి రెండు రోజులు కనబడకపోతే నేను కారణం అడగను. తండ్రినో తల్లినో రక్తశుద్ధికి తీసుకువెళుతున్నాడని తెలుసు.

ఇప్పుడు సామెత రెండో సగానికి వస్తున్నాను. బళ్ళు ఓడలయ్యే రోజు వస్తున్నది. టెక్కలికి దిగువన సంతబొమ్మాళి మండలంలో మూలపేట దగ్గర కొత్త రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఈసారి ఓడ జమీందారులా దూరాన నిలబడదు, గట్టుకే వస్తుంది. మసూలా పడవ అక్కరలేదు. చచ్చిన రేవు బతుకుతున్నదన్నమాట.

కానీ మా విద్యార్థి చెప్పిన సూత్రం మరిచిపోకండి. చచ్చినవాడు తనంతట తాను బతకడు. వాణ్ణి బతికించడానికి ఎవరో కూతకు వెళతారు. మూలపేట రేవు కోసం కూతకు వెళ్ళినవారు ఎవరు? భూములిచ్చిన రైతులు, వలలు ఆరేసుకునే ఒడ్డు వదులుకున్న జాలరులు, ఊరు ఖాళీ చేసి మరో చోట ఇల్లు కట్టుకోవలసినవారు. కొత్త రేవులో మొదటి పని వాళ్ళ పిల్లలకు దొరకాలి. యంత్రాలు నడిపే చదువు టెక్కలిలోనే చెప్పించాలి. మా కుర్రవాళ్ళకు భుజం వుంది, ఊపిరి వుంది. క్రేను నడపడం చేతకాదని వాళ్ళను గేటు బయట నిలబెట్టి, పైనుంచి మనుషులను దింపితే, అది రేవు బతికినట్టు కాదు. రైలు వచ్చినప్పుడు జరిగినదే మరోమారు జరిగినట్టు.

వెరాక్రూజ్ చెప్పే పాఠం కూడా ఒకటుంది. రేవు ఎంత పెద్దదైనా, ఓడలు ఎన్ని వచ్చినా, పనిచేసేవాడి జీతం ఎగ్గొట్టిన నాడు వాడు మైదానం నడిమధ్య చేతులు దించుకుని నిలబడతాడు. అప్పుడు ఎదటివాడు గోలు వేస్తాడు.

నా రెండో కోరిక చిన్నది. రేవు కట్టేవారు గోదాములకెంత, రైలుపట్టాలకెంత, లారీలు ఆగడానికెంత అని నేల కొలుచుకుంటారు. ఆ కొలతల్లో ప్రతి పల్లెకూ పదమూడు మీటర్ల పొడవూ, పది మీటర్ల వెడల్పూ వున్న ఒక ఇసక చెక్కను ఎవరూ ముట్టుకోకుండా వదిలిపెట్టాలి. చెడుగుడుకి కావలసిన నేల అంతే. గీత మా పిల్లలే గీసుకుంటారు.